పోయిన పంటే ఎందుకు గుర్తుంటుంది?

నెల్లూరు నుంచి మైపాడు వెళ్ళే దారిలో, ఇందుకూరుపేట దాటాక రొయ్యల గుంటలు మొదలవుతాయి. ఏ గట్టు మీది షెడ్డులోనైనా కూర్చుని "పోయిన పంట ఎట్టా దెబ్బతినిందన్నా?" అని కదిపితే చాలు. మొదటి రొయ్య ఏ తేదీన గట్టు పక్కకి వచ్చి నీరసంగా నిలబడిందో, డిప్ప గిల్లి వెలుతురుకి పట్టుకుంటే తెల్లచుక్కలు ఎట్టా కనిపించాయో, ఏ కౌంటులో (కిలోకి ఎన్ని రొయ్యలు తూగే సైజులో) ఎంత రేటుకి అయినకాడికి తోలేశాడో పూసగుచ్చినట్టు చెబుతాడు. అదే మనిషిని "అంతకుముందు పంట బ్రహ్మాండంగా తీశావంట గదా, ఎట్టా తీశావు?" అని అడగండి. "ఆ... వచ్చిందిలే. కాలం కలిసొచ్చింది" అంటాడు. అంతే.

గుంట ఎండబెట్టి, సున్నం చల్లి, మళ్ళీ సీడు (రొయ్య పిల్లలు) వేయాలా వద్దా అని ఆలోచించే రోజున అతనికి ధైర్యం కావాలి. ఆ ధైర్యానికి పనికొచ్చే సమాచారమంతా రెండో జవాబులో ఉండాలి. అక్కడేమో ఒక్క ముక్క లేదు. పండించింది తనే, మూడు నాలుగు నెలలు నిద్ర కాచిందీ తనే. ఆ జ్ఞాపకం ఎక్కడికి పోయింది?

ఇది రొయ్యల రైతుకే పరిమితమైన జబ్బు కాదు. పరీక్షలో ఒకసారి తప్పిన పిల్లవాడికి అంతకుముందు పాసైన పదేళ్ళు గుర్తుకురావు. గెలుపుల్ని డైరీలో రాసుకుంటే ఊపు వస్తుందని చెప్పే పుస్తకాలు ఇప్పుడు బోలెడు. ఆ సలహా అబద్ధం కాదు, సగం నిజం. ఏ సగం నిజమో తెలియాలంటే మెదడు గెలుపుని, ఓటమిని ఎలా దాచుకుంటుందో చూడాలి.

నష్టం లోతుగా దిగుతుంది

తెల్లమచ్చ వైరస్ సోకిన గుంటలో లక్షణాలు బయటపడ్డాక 3 నుంచి 10 రోజుల్లో దాదాపు పంటంతా పోవచ్చు. ఆ రోజుల్లో మనిషి ఒళ్ళు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు: గుండె దడ, పొడిబారిన నోరు, పట్టని నిద్ర. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు వదిలే హార్మోన్ల పని ఇది. ఆ హార్మోన్లు ఒంటితో సరిపెట్టుకోవు. వాటి ప్రభావం మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగానికి చేరుతుంది. అది పక్కనే ఉన్న హిప్పోక్యాంపస్‌ని, అంటే కొత్త జ్ఞాపకాలను కూర్చే భాగాన్ని, గట్టిగా రాసిపెట్టుకోమని పురమాయిస్తుంది. కాలిఫోర్నియా శాస్త్రవేత్త జేమ్స్ మెక్‌గా దశాబ్దాలపాటు ఎలుకల మీద చేసిన ప్రయోగాల సారం ఇదే. ఒక సంగతి నేర్చుకున్న వెంటనే ఈ హార్మోన్లు తగు మోతాదులో అందితే ఆ జ్ఞాపకం బలపడుతుంది.

మంచి పంటకి ఈ ఉరుకులాట ఉండదు. వారం వారం నమూనా తీసి తూకం వేస్తూనే ఉంటాడు రైతు. రొయ్య ఎన్ని గ్రాములు పెరిగింది, పట్టుబడికి ఎన్ని టన్నులు రావచ్చు అని లెక్కలు కడుతూనే ఉంటాడు. లారీ వచ్చి ఐసు పెట్టెలు నింపుకునే రోజుకి ఆ సంతోషం సగం ఖర్చయిపోయి ఉంటుంది. వోల్ఫ్రామ్ షుల్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమైన్ కణాలను గమనించి చెప్పింది కూడా ఇలాంటిదే. అనుకోకుండా పళ్ళరసం దొరికితే ఆ కణాలు చెలరేగుతాయి. దీపం వెలిగితే రసం వస్తుందని కోతికి అలవాటయ్యాక రసం వచ్చినప్పుడు వాటిలో చలనం ఉండదు, దీపం వెలిగినప్పుడే ఉంటుంది. అనుకున్నది అనుకున్నట్టు జరిగితే మెదడుకి అది వార్త కాదన్నమాట.

రాయ్ బౌమైస్టర్, ఆయన సహచరులు 2001లో ఎన్నో పరిశోధనలను కుప్పపోసి తేల్చిన మాట కూడా దీన్నే బలపరుస్తుంది. డబ్బు, స్నేహం, మాట, పేరు, ఏ రంగంలో చూసినా చెడు వేసే ముద్ర మంచి వేసే ముద్ర కంటే బలమైనది.

వల ఒకే మూల పడితే

ముద్ర తేలికైనా అసలు లేకుండా పోలేదు కదా, వెతికితే దొరకదా? ఇక్కడే రెండో చిక్కు ఉంది. గుంటలో రొయ్య ఎలా ఉందో తెలుసుకోవడానికి విసురువల వేసి నమూనా తీస్తారు. నాలుగు చోట్ల వేసినవాడికి గుంట సంగతి తెలుస్తుంది. నీరు చెడిన మూలలో, నీరసించిన రొయ్యలు చేరినచోట మాత్రమే వేసినవాడికి గుంట మొత్తం పోయిందనిపిస్తుంది. దిగులుగా ఉన్న మనసు వల విసిరేది ఎప్పుడూ ఆ మూలకే. పైగా, నేను గుంటంతా చూశాననే నమ్ముతుంది.

స్టాన్‌ఫర్డ్‌లో గోర్డన్ బోవర్ దీన్ని పరీక్షకి పెట్టాడు. కొందరి చేత వారం రోజులపాటు డైరీ రాయించాడు. ఆ వారంలో మనసుని కదిలించిన సంఘటనలు, మంచివీ చెడ్డవీ, రాసివ్వమన్నాడు. తర్వాత హిప్నాటిజం ద్వారా కొందరిని సంతోషంలోకి, కొందరిని దిగులులోకి దింపి, ఆ వారంలో ఏం జరిగిందో చెప్పమన్నాడు. సంతోషంగా ఉన్నవాళ్ళకి మంచి సంఘటనలు ఎక్కువగా గుర్తొచ్చాయి, దిగులుగా ఉన్నవాళ్ళకి చెడ్డవి. 1981లో అచ్చయిన ఈ పరిశోధనలో నాకు నచ్చేది ఫలితం కంటే ఆ డైరీలే. వాటిని చూడకపోతే, ఆ దిగులు మనుషులు చెప్పిందే ఆ వారం కథ అని మనమూ నమ్మేవాళ్ళం.

గెలుపు జ్ఞాపకం ఎప్పుడు కావాలి? ఓడినప్పుడు. అది ఎప్పుడు దొరకదు? సరిగ్గా అప్పుడే. కాగితం మీది అక్షరానికి మాత్రం మూడ్‌తో పనిలేదు.

గెలుపు తేలికగా కనిపించే మోసం

మూడోది అన్నిటికంటే గడుసుది. గుర్తొచ్చిన గెలుపు కూడా మారిపోయి వస్తుంది. జ్ఞాపకమంటే మెదడు దాచిన ఫొటో కాదని, గుర్తు చేసుకున్న ప్రతిసారీ కొత్తగా అల్లుకునే కథని కేంబ్రిడ్జ్‌లో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే చూపించాడు. ముగింపు ముందే తెలిసిన కథకుడు ఎలా అల్లుతాడో బరూక్ ఫిష్‌హాఫ్ 1975లో చూపించాడు. బ్రిటిష్ సైన్యానికి, గూర్ఖాలకి 1814లో జరిగిన యుద్ధం గురించి కొందరికి చదవడానికి ఇచ్చాడు. ఫలానావాళ్ళు గెలిచారని ఎవరికైతే చెప్పాడో వాళ్ళు, ఆ ఫలితానికి అవకాశం మొదటినుంచీ ఎక్కువే ఉందని అంచనా వేశారు. ఫలితం ముందే తెలియడం తమ తీర్పుని మార్చేసిందన్న స్పృహ వాళ్ళకి లేదు.

బాగా వచ్చిన పంట కూడా ఇలాగే 'రావాల్సిందే వచ్చింది' అయిపోతుంది. నడిరాత్రి కరెంటు పోయి జనరేటర్ ఎక్కకపోవడం, చెక్ ట్రేలో మేత మిగిలితే నాలుగు రోజులు నిద్ర లేకపోవడం, మధ్యలో ఒకసారి తొందరపడి పట్టేద్దామనుకోవడం, అన్నీ చెరిగిపోతాయి. మిగిలేది "కాలం కలిసొచ్చింది."

కలిసి రాలేదని కాదు. రేటు బాగుండటం, చలి తక్కువగా ఉండటం, పక్క గుంటలో రోగం లేకపోవడం, ఇవన్నీ అదృష్టమే. కాకపోతే అదృష్టం వాటా ఎంత, తన చేతి వాటా ఎంత అన్న లెక్క మాత్రం పోతుంది.

ఆ లెక్క పోతే ధైర్యమూ పోతుంది. 'ఈ పని నేను చేయగలను' అన్న నమ్మకాన్ని సామర్థ్య విశ్వాసం అని పిలిచి, 1977లో దానికి సిద్ధాంతం కట్టిన ఆల్బర్ట్ బండూరా ఒక మాట గట్టిగా చెప్పాడు. ఆ నమ్మకాన్ని అన్నిటికంటే బలంగా నిలబెట్టేది స్వయంగా సాధించిన అనుభవం. అదీ అడ్డంకులు దాటి సాధించింది. సునాయాసంగా వచ్చిన గెలుపులకే అలవాటుపడినవాడు ఫలితం వెంటనే రావాలనుకుంటాడు, మొదటి దెబ్బకే డీలా పడతాడు. అడ్డంకులు చెరిగిపోయిన జ్ఞాపకంలో కష్టపడి గెలిచిన పంట కూడా సునాయాసంగా వచ్చిన పంటలాగే ఉంటుంది. మనిషిని నిలబెట్టే సరుకంతా ఆ చెరిగిపోయిన భాగంలోనే ఉంది.

---
నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది?

బండూరా నాలుగు ఊటలు చెప్పాడు. మొదటిది సొంతంగా చేసి చూసిన అనుభవం. రెండోది మనలాంటివాళ్ళు చేయడం చూడటం. ఇక్కడ 'మనలాంటివాళ్ళు' అన్నదే కీలకం, కోటీశ్వరుడి విజయగాథ ఎకరం గుంట రైతుకి ఎక్కదు. మూడోది నమ్మే మనిషి చెప్పే ధైర్యం. నాలుగోది మన ఒంటి తీరు: చెయ్యి వణికితే 'నావల్ల కాదు' అనుకుంటాం, అలసట తీరితే అదే పని తేలికనిపిస్తుంది. మాట ధైర్యం తొందరగా పుడుతుంది, తొందరగానే ఆవిరవుతుంది. సొంత అనుభవం నిదానంగా కూడుతుంది, ఒక పట్టాన పోదు.
---

ఒక ఊరి గెలుపు పాఠమైనప్పుడు

రాసిపెట్టిన గెలుపు ఏం చేయగలదో చూడటానికి నెల్లూరు జిల్లావాళ్ళు స్టాన్‌ఫర్డ్ దాకా పోనక్కర్లేదు. సముద్రం వదిలి పడమటి మెట్ట వైపు వెళితే కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. 1990ల మొదట్లో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జోరుగా నడిచింది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు రాత్రి లాంతరు ముందు పలకలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉంది. తాగుబోతు మొగుడితో నలిగిపోయిన ఆడదాని కథ. అక్షరాలతో పాటు మాటలు కూడా మొదలయ్యాయి. దూబగుంట ఆడవాళ్ళు వర్ధినేని రోశమ్మ వంటివాళ్ళు ముందుండగా తమ ఊళ్ళో సారా అమ్మకాన్ని నిలబెట్టేశారు.

అంతటితో ఆగితే అది ఒక ఊరి ముచ్చటగా మిగిలేది. ఎవరో తెలివైన పని చేశారు. ఆ గెలుపునే తర్వాతి వాచకంలో 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠంగా పెట్టారు. జిల్లాలోని మిగతా ఊళ్ళలో అక్షరాలు కూడబలుక్కుంటూ చదివిన ఆడవాళ్ళకి అందులో కనిపించింది నాయకుడూ కాదు, దేవతా కాదు. తమలాగే కూలికి పోయే మనుషులు. వాళ్ళు ఏం చేశారు, ఎవరు అడ్డం వచ్చారు, ఎలా నిలబడ్డారు అన్నది అందులో ఉంది. బండూరా చెప్పిన రెండో ఊట సరిగ్గా ఇదే. 1992 కల్లా ఊరూరా సారా దుకాణాలు మూతపడటం మొదలైంది, వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఉద్యమానికి కారణం ఒక్క పాఠమే అంటే అది చరిత్రకి అన్యాయం. తాగుడికి ధారపోసిన కూలి డబ్బులు, తిన్న దెబ్బలు, అండగా నిలిచిన సంఘాలు, అన్నీ ఉన్నాయి. కానీ 'మావల్ల ఏమవుతుందిలే' అన్న చోట 'వాళ్ళవల్ల అయింది కదా' అన్న మాటని నిలబెట్టింది ఆ పాఠమే. సారా పోయాక అదే జిల్లాలో రోజుకి రూపాయి చొప్పున దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. ఒకసారి గెలిచిన గుంపుకి రెండో పని ఎత్తుకోవడం తేలిక.

ఆ పాఠంలో ఉన్నది పొగడ్త కాదు, పని జరిగిన తీరు. మార్కెట్లో దొరికే విజయాల డైరీల్లో ఎక్కువగా లోపించేది ఇదే. 'ఈరోజు నేను సాధించిన మూడు మంచి విషయాలు' అని గీతలు గీసి ఉంటాయి. సాధించింది రాస్తాం, ఎలా సాధించామో రాయడానికి చోటుండదు.

రాస్తే ఏం మారుతుంది

బెంగళూరు విప్రోలో శిక్షణ పొందుతున్న కొత్త ఉద్యోగుల మీద హార్వర్డ్ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఒక జట్టు రోజూ చివరి 15 నిమిషాలు పని ఆపి, ఆ రోజు ఏం నేర్చుకున్నారో ఆలోచించి రాసింది. ఇంకో జట్టు ఆ 15 నిమిషాలూ పనే చేసింది. ఇలా 10 రోజులు. శిక్షణ చివరి పరీక్షలో రాసిన జట్టు దాదాపు 23 శాతం మెరుగ్గా చేసింది. తక్కువ సమయం పనిచేసి ఎక్కువ నేర్చుకున్నారు. అనుభవం తనంతట తాను పాఠం కాదు. 'ఇది చేశాను, అందుకని అది జరిగింది' అని మాటల్లో పెట్టినప్పుడు కారణం, ఫలితం వేరుపడతాయి. నేర్చుకున్నానన్న నమ్మకం కూడా అప్పుడే వస్తుంది.

తప్పుల్నే తవ్వడం మనకి అలవాటు. పంట పోతే ల్యాబుకి నీళ్ళు పంపుతాం, టెక్నీషియన్‌ని పిలుస్తాం. పంట వస్తే పార్టీ చేసుకుంటాం. ఇజ్రాయెల్ సైనికుల దారి కనుక్కునే శిక్షణలో ష్ముయెల్ ఎల్లిస్, ఇన్‌బార్ డేవిడి 2005లో ఒక తేడా గమనించారు. కొందరు తప్పిన చోట్లనే చర్చించారు. కొందరు తప్పినవీ సరిగ్గా వెళ్ళినవీ రెండూ చర్చించారు. తర్వాతి అభ్యాసాల్లో రెండో జట్టు ఎక్కువ మెరుగుపడింది.

సరిగ్గా జరిగినదాన్ని కూడా చూడటం ఎందుకు ముఖ్యమో శ్రీహరికోట చెబుతుంది. 1979లో అది నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ ఏడాది ఆగస్టు 10న అక్కడినుంచి లేచిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ కొద్ది నిమిషాలకే బంగాళాఖాతంలో పడింది. బయటివాళ్ళకి కనిపించింది సముద్రంలో పడ్డ రాకెట్. లోపలివాళ్ళ చేతికి అంతకంటే ఎక్కువే దొరికింది. మొదటి దశ సరిగ్గా పనిచేసింది, లోపం రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఉంది. ఏది పనిచేసిందో తెలియకపోతే ప్రతి బోల్టునీ అనుమానించాలి. ఏడాది తిరక్కముందే, 1980 జూలై 18న, మరో ఎస్‌ఎల్‌వీ-3 మీద రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది.

బెడిసికొట్టే చోట్లు

ఎక్కువ గెలుపులు రాస్తే ఎక్కువ ధైర్యం వస్తుందా? రాదు. నార్బర్ట్ ష్వార్జ్ 1991లో కొందరిని తాము గట్టిగా నిలబడి మాట్లాడిన సందర్భాలు 6 చెప్పమన్నాడు, మరికొందరిని 12 చెప్పమన్నాడు. పన్నెండు చెప్పినవాళ్ళే, ఆరు చెప్పినవాళ్ళ కంటే తమని తాము మెతక మనుషులుగా అంచనా వేసుకున్నారు. ఆరు సులువుగానే దొరుకుతాయి, పన్నెండుకి బుర్ర గోక్కోవాలి. గోక్కుంటున్నకొద్దీ 'నాలో అంత సరుకు లేనట్టుంది' అనిపిస్తుంది. దిగులుగా ఉన్నవాడిని పట్టుకుని 'నీ జీవితంలో సాధించినవి ఇరవై రాయరా' అనడం అందుకే ప్రమాదం.

రెండోది తృప్తి. అయెలెట్ ఫిష్‌బాక్, రవి ధర్ 2005లో బరువు తగ్గాలనుకునేవాళ్ళ మీద పరీక్ష పెట్టారు. బాగా ముందుకొచ్చారన్న భావన కలిగించినవాళ్ళలో 85 శాతం మంది ఆపిల్ వదిలి చాక్లెట్ తీసుకున్నారు. ఆ భావన లేనివాళ్ళలో 58 శాతమే. 'ఎంత దూరం వచ్చాను' అని వెనక్కి చూస్తే కాళ్ళు చాపుకోవాలనిపిస్తుంది. ఇది అసలు ఎందుకు మొదలుపెట్టానో గుర్తు చేసుకుంటే మాత్రం పని ముందుకే సాగుతుందని ఆ పరిశోధకులే తర్వాత చూపించారు.

మూడోది సరదా విషయం. జీవితంలో అత్యంత సంతోషకరమైన క్షణాన్ని విడదీసి విశ్లేషిస్తూ రాస్తే ఆ సంతోషం పలచబడుతుందని సోన్యా ల్యూబోమిర్‌స్కీ బృందం 2006లో కనుక్కుంది. ఊరికే తలుచుకుంటే మేలు. అందుకని కూతురి పెళ్ళిని కాగితం మీద పోస్టుమార్టం చేయకండి. పనిలో గెలుపుని మాత్రం చేయండి.

---
గుంట పుస్తకంలో ఒక పేజీ

షెడ్డులో వేలాడే లాంగ్ నోట్‌బుక్‌లో ఇప్పటికే తేదీ, పంట రోజులు, మేత, పీహెచ్, ఆక్సిజన్, తూకం ఉంటాయి. దానికి చివర ఒక్క పేజీ కలపండి. అది ఇలా ఉండొచ్చు:

"62వ రోజు. రాత్రి 2.40కి కరెంటు పోయింది. జనరేటర్ ఎక్కలా. రొయ్య పైకి తేలడం మొదలైంది. పక్క గుంట అన్నకి ఫోన్ చేసి డీజిల్ ఇంజన్ తెప్పించా, 3.30కి తిప్పినాం. పొద్దున మేత సగానికి కోసినా. ఆ వారం పున్నమి, రొయ్య పొర వదిలే టైము, అందుకని ఇంకో రెండు రోజులు తగ్గించే పెట్టా. పట్టుబడికి రేటు బాగుంది, అది నా గొప్ప కాదు. రాత్రి లేచి చూసింది, మేత కోసింది, అడగడానికి మొహమాటపడకపోవడం నా పని."

తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ అడుగంటుతుంది. నీటిలోని నాచు పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా అదే వాడుకుంటుంది. పై పేజీలో ఉన్న గంట అందుకే ప్రాణాంతకం, అందుకే రాసుకోదగ్గది.
---

రాయాల్సింది లారీ వెళ్ళిన రోజో మర్నాడో, ముగింపు అల్లిక ఇంకా గట్టిపడకముందే. అదృష్టం వాటా కూడా రాయాలి, లేకపోతే వచ్చే పంటకి అప్పుచేసి మరీ రెండింతలు గుంటలు కౌలుకి తీసుకునే దుస్సాహసం పుడుతుంది. 1990ల మధ్యలో టైగర్ రొయ్యకి తెల్లమచ్చ సోకినప్పుడు ఈ తీరంలో ఎంతోమంది మునిగిపోయారు. పొదుపు సంఘాల మినిట్స్ పుస్తకానికీ ఇదే వర్తిస్తుంది. తీర్మానం, హాజరు, కంతు వివరాల కింద 'ఈ అప్పు ఎలా తీర్చగలిగాం' అని రెండు వాక్యాలు చాలు.

రోజుల తరబడి నిద్రాహారాలు లేక దేనిమీదా మనసు పోనివాళ్ళ చేతిలో పుస్తకం పెట్టి రాయమనడం వైద్యం కాదు. వాళ్ళని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. మిగతావాళ్ళు కూడా ఈ పేజీని రోజూ తెరవక్కర్లేదు. గుంట ఎండేసిన వారాల్లో, హేచరీకి సీడు చెప్పబోయే ముందు, ఒకసారి చదివితే సరిపోతుంది.